కాకరకు పందిరి కావాలి, పందిరికి పట్టా కావాలి

యూట్యూబ్‌లో ‘కాకర సాగు’ అని కొట్టి చూడండి. వీడియోకో రైతు, మాట మాత్రం ఒకటే. పచ్చటి పందిరి కింద నిలబడి, తలకు తగులుతున్న కాయను ఒక చేత్తో పట్టుకుని ఎకరానికి ఇన్ని లక్షలంటాడు. విత్తనం పేరు చెబుతాడు, మందుల పేర్లు చెబుతాడు, మార్కెట్ రేటు చెబుతాడు. తలమీది ఆ పందిరి ఎక్కడిది, ఎవరి డబ్బుతో వచ్చింది, ఆ భూమి ఎవరి పేరు మీదుంది అని మైకు పట్టుకున్న కుర్రాడు అడగడు. అడిగితే వీడియో టైటిల్ మార్చుకోవాల్సి వస్తుంది.

నేను మాట్లాడదలుచుకున్నది ఆ పందిరి గురించే. హైదరాబాద్ చుట్టూ కాకర ఎవరు పండించగలరో తేల్చేది విత్తనం కాదు, నేల కాదు, చాలాచోట్ల నీళ్ళు కూడా కాదు. పందిరి. ఆ పందిరి ఎవరికి దక్కుతుందో తేల్చేది పట్టాదారు పాస్‌బుక్కు. పాస్‌బుక్కున్న నాలాంటివాళ్ళం అత్తాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఉంటాం. రోజు విడిచి రోజు కాకర తెంపేవాళ్ళకు పాస్‌బుక్కు ఉండదు. సర్కారు సబ్సిడీ మా చేతికి వస్తుంది, పంట వాళ్ళ చేతి మీదుగా వస్తుంది. ఇది తిరకాసు వ్యవహారమని నా అభిప్రాయం.

మాకు రంగారెడ్డి జిల్లా షాబాద్ వైపు కొంచెం ఎర్ర చెలక ఉంది. నాన్న పోయాక నా పేరు మీదికి వచ్చింది. అందులో ఉన్న శాశ్వత పందిరి సబ్సిడీతో వేసిందే. పక్క చేను సిటీలో ఉండే ఒకాయనది. దాన్ని కౌలుకు చేసేది ఒక జంట. ఆయన్ని నేను అన్న అంటాను, ఆమెను వదిన అంటాను. నన్ను సారూ అనొద్దంటే వాళ్ళు వినరు. సేద్యం గురించి ఇక్కడ పనికొచ్చే మాట ఏదైనా కనిపిస్తే అది వాళ్ళ దగ్గర విన్నదే అనుకోండి.

ముందు మొక్క సంగతి, ఎందుకంటే పందిరి ఎందుకంత ముఖ్యమో అక్కడే తెలుస్తుంది.

కాకర తీగ తనంతట తాను నిలబడలేదు. దాని నులితీగ దేన్ని తాకితే దాన్ని చుట్టేస్తుంది. ఇనుప తీగ కావచ్చు, సుతిలి కావచ్చు, కలుపు మొక్క కావచ్చు, పక్కనున్న ఇంకో కాకర తీగే కావచ్చు. ఏమీ దొరక్కపోతే నేలమీద పాకుతుంది. ఎండాకాలపు పంటను అలా నేల మీద పాకించినా కొంతవరకు నడుస్తుంది, మా తాతల నాడు చాలామంది అలాగే చేసేవాళ్ళు. వానాకాలంలో మాత్రం కుదరదు. నేలకు ఆనిన వైపు కాయ పాలిపోతుంది, వరసగా రెండు వానలు పడితే కుళ్ళు పడుతుంది. కుళ్ళకుండా మిగిలింది వంకర తిరుగుతుంది. పందిరికి వేలాడే కాయ తన బరువుకు తానే సాఫుగా దిగుతుంది. వంకర కాయకూ సాఫు కాయకూ మార్కెట్లో ఇచ్చే రేట్ల తేడాలోనే రైతు లాభమంతా ఉంటుంది.

విత్తనం పెట్టిన నెల, నెలా పది రోజులకు పూత మొదలవుతుంది. మొదట వచ్చేవన్నీ మగపూలే. కొత్తగా పెట్టినవాళ్ళు ఇక్కడే బెంబేలెత్తి, పూలన్నీ రాలిపోతున్నాయని మందుల దుకాణానికి పరిగెత్తుతారు. మగపువ్వు తన పని అయ్యాక రాలాల్సిందే. ఆడపువ్వును పోల్చుకోవడం చాలా తేలిక. రేకుల వెనక, కాడ మీద, గోరంత కాకరకాయ బొడిపెలతో సహా ముందే తయారై ఉంటుంది. తేనెటీగ వచ్చి పుప్పొడి అంటిస్తే అది పెరుగుతుంది, లేకపోతే పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది కాబట్టి ఈ బేరమంతా పొద్దుటిపూటే తేలిపోవాలి. అందుకే అన్న పొద్దున మందు కొట్టడు. ఎంత తొందరున్నా సాయంత్రం దాకా ఆగుతాడు. మొక్క రెండు నుంచి నాలుగు ఆకులప్పుడు లీటరు నీళ్ళకు 3-4 గ్రాముల బోరాక్స్ కలిపి కొడితే ఆడపూలు పెరుగుతాయని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళుగా చెబుతున్నారు. అదీ ఆయన తప్పడు. ఇంకో నియమం: గంధకం ఉన్న మందు తీగజాతి మీద పడకూడదు, ఆకు మాడిపోతుంది. మిగతా పంటల్లో బూడిద తెగులుకు మొదట గుర్తొచ్చేది గంధకమే. ఇక్కడ అది పనికిరాదు.

తెగుళ్ళ కన్నా కాకరను ఏడిపించేది పండు ఈగ. తల్లి ఈగ లేత కాయ తోలుకు సన్నటి బెజ్జం చేసి లోపల గుడ్లు పెడుతుంది. పైనుంచి చూస్తే చిన్న జిగురు బొట్టు తప్ప ఏమీ కనపడదు. లోపల పురుగు తింటూ పోతుంది, కాయ అక్కడే వంగి, అదను కాకముందే పసుపెక్కుతుంది. పురుగు నేలలోకి దిగి కోశమై, మళ్ళీ ఈగై పైకి వస్తుంది. క్యూల్యూర్ అనే వాసన మందు పెట్టిన ఎర బుట్టలు కడతాం కానీ వాటికి చిక్కేవి మగ ఈగలే. అసలు మందు ఏమిటంటే కుట్టిన కాయను కనిపెట్టి తెంపి లోతుగా గుంత తీసి పూడ్చేయడం. పందిరి విలువ అక్కడ తెలుస్తుంది. కంటి ఎత్తులో వేలాడే కాయ మీద జిగురు బొట్టు కనపడుతుంది, నేలమీద ఆకుల కింద దాక్కున్న కాయ మీద కనపడదు. కనపడని ఆ కాయలోంచి వచ్చే ఈగలు నా చేను, నీ చేను అని చూడవు.

విత్తిన 55-60 రోజులకు మొదటి కోత. అప్పట్నుంచి రెండు మూడు రోజులకోసారి తెంపుతూనే ఉండాలి, రెండు నెలల పైన. ఒక్క కోత తప్పితే కాయ ముక్కు దగ్గర పసుపు తిరుగుతుంది. ఆ మర్నాటికి నారింజ రంగు, ఆ తర్వాత మూడు చీలికలుగా విచ్చుకుని లోపల ఎర్రటి గుజ్జు పట్టిన గింజలు బయటపడతాయి. ఆ గుజ్జు తియ్యగా ఉంటుంది, పిల్లలు చప్పరిస్తారు, కాయకు మాత్రం పైసా రాదు. పైగా పండిన కాయలు తీగ మీద ఉంటే కొత్త పిందె తగ్గుతుంది. తెంపే ఆడవాళ్ళ వేళ్ళ సందుల్లో ఆకుపచ్చ నల్లదనం పేరుకుపోతుంది, సబ్బుకు ఓ పట్టాన వదలదు. “ఎంత కడిగినా బువ్వ చేదే సారూ, చెంచాతోటి తినుడు మనకు రాకపాయె” అంటుంది వదిన.

నేను వారానికోసారి వెళ్తాను. కాకర వారం ఆగదు. అందుకని నా పందిరి కింద పంట చేసేదీ ఆ జంటే, సగపాలుకు. పక్క చేన్లో వాళ్ళ సొంత పంట వాళ్ళ సొంత పందిరి మీద. ఆ రెండు పందిళ్ళ మధ్య గట్టు మీద నిలబడి చూస్తే నేను రాయాల్సినదంతా అక్కడే ఉంది.

నా వైపు గ్రానైట్ కడీలు, అంటే రాతి స్తంభాలు. రెండడుగులు నేలలోకి, ఆరడుగుల చిల్లర పైకి. మూలల్లో ఏటవాలుగా ఊతం కడీలు, వాటి మధ్య బిగించి లాగిన జీఐ (జింకు పూత పూసిన ఇనుప) తీగ, దాని మీద అడుగు అడుగుకూ సన్న తీగ గళ్ళు. ఒకసారి వేస్తే పదిహేనేళ్ళకు పైగా చూసుకోనక్కర్లేదు. ఖర్చు మాత్రం ఎకరానికి లక్షల్లో మాట. ఒక హద్దు దాకా అందులో సగం సర్కారు ఇస్తుంది. దరఖాస్తుకు పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు ఖాతా, పందిరి వేశాక ఫొటో ఇచ్చాను. డబ్బు పడింది. ఇందులో నేను పడ్డ కష్టం ఏమీ లేదు.

వాళ్ళ వైపు నీలగిరి కట్టెలు, వెదురు బొంగులు, నైలాన్ వల, సుతిలి. ఇది పై పందిరి కాదు, వరస వెంబడి నిలబెట్టిన అడ్డు పందిరి. దీనికీ గుణాలు లేకపోలేదు. తెంపడం సులువు, మందు రెండు వైపులా అందుతుంది, వరసలు ఉత్తర దక్షిణంగా వేస్తే ఎండ సమంగా తగులుతుంది. కానీ కట్టె నేలలో నానుతుంది, చెద పడుతుంది. రెండో పంటకు సగం కట్టెలు మార్చాలి. “కాకర పెట్టుడు పెద్ద పనిగాదు సారూ. పందిరి ఏసుడే పని. ఏసినంక పీకుడు ఇంకో పని” అంటాడు అన్న.

ఏప్రిల్‌లో మా వైపు గాలివానలు మామూలే. ఒక ఏడు సాయంత్రం పూట వచ్చిన గాలి పావుగంట కూడా లేదు. వాళ్ళ అడ్డు పందిరి వరసలు పడమటి వైపు నుంచి ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. కాయ నిండుగా ఉన్న రోజులు. పడ్డ వరసను లేపొచ్చు కదా అనిపిస్తుంది దూరం నుంచి చూసేవాళ్ళకు. నులితీగలు పక్క వరసను కూడా చుట్టేసుకుని ఉంటాయి. ఒకదాన్ని లేపితే రెండోదాని తీగ మొదట్లో తెగుతుంది. మర్నాడు నలుగురు కలిసి లేపగలిగినంత లేపారు. మూడో రోజుకు ఎండిన తీగ ఏదో, బతికిన తీగ ఏదో రంగు చూస్తేనే తెలిసింది. అదే గాలికి నా కడీల మీద తీగ కొంచెం ఊగింది, నాలుగాకులు రాలాయి. అదే మట్టి, అదే విత్తనం, చేసిన చేతులూ అవే.

“మరి ఆయనా సబ్సిడీకి పెట్టుకోవచ్చుగా” అని ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు అడిగాడు. పెట్టుకోలేడు. పందిరి సబ్సిడీయే కాదు, తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం దాకా సబ్సిడీ ఇచ్చే డ్రిప్పు కూడా భూమి కాగితం మీదే నడుస్తుంది. 2018 మేలో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయమూ పట్టాదారుకే ఇచ్చారు. ఆ ఆగస్టులో వచ్చిన రైతుబీమా ఐదు లక్షలూ పట్టాదారు చనిపోతేనే. కౌలు చేసే మనిషి పొలంలో పాము కరిచి పోయినా ఆ లెక్కలో రైతు కాడు.

ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు, అలాగని ఎప్పుడూ ఇలాగే లేదు. ఊరి భూముల వివరాలు రాసే రెవెన్యూ రికార్డు పహాణీలో సాగు చేస్తున్నది ఎవరో రాసే కాలమ్ ఒకటి ఉండేది. పట్వారీ దయ మీద ఆధారపడిన కాలమే, అబద్ధాలూ రాసేవాళ్ళు, అయినా దున్నేవాడి పేరుకు సర్కారు కాగితం మీద ఒక చోటు ఉండేది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనతో, ఆ తర్వాత 2020 అక్టోబర్ 29న వచ్చిన ధరణి భూరికార్డుల పోర్టల్‌తో ఆ చోటు పోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అన్న చేతికి ఇప్పటికీ ఏ కాగితమూ రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలు రైతుల కోసం లైసెన్స్‌డ్ కల్టివేటర్స్ చట్టం చేశారు. భూమి మీద ఏ హక్కూ ఇవ్వకుండా, బ్యాంకు రుణానికి పనికొచ్చే అర్హత కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం. మంచి ఆలోచన. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో దాదాపు అటకెక్కింది. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంకో చట్టం చేసి 11 నెలల సాగుదారు కార్డులు పెట్టారు, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం దగ్గరే కథ ఆగుతుంది.

యజమానులు ఎందుకు సంతకం పెట్టరు? వాళ్ళంతా చెడ్డవాళ్ళని కాదు. ఈ ప్రాంతంలో ఆ భయానికి చరిత్ర ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను, అంటే ఊరికే తీసేయడానికి వీల్లేని పాత కౌలుదార్లను, గుర్తించింది. అందులోని 38-ఈ సెక్షన్ వాళ్ళకు భూమి మీద యాజమాన్యమే ఇచ్చింది. దున్నేవాడికి భూమి అన్నది మాటల్లో కాకుండా కాగితం మీద జరిగిన సందర్భం అది. నాకు ఆ చట్టం మీద గౌరవమే. కానీ దాని తర్వాత రంగారెడ్డి జిల్లాలో పట్టాదారు కుటుంబాలన్నీ పిల్లలకు నేర్పింది ఒకటే: కౌలుకు ఇవ్వు, కాగితం మాత్రం రాయకు. మా నాన్న నాకూ అదే చెప్పాడు. పక్క చేను యజమాని అన్నతో మాట్లాడే కౌలు ఏడాది మాట, అదీ ఫోన్లో.

దీనికి తోడు భూమి రేటు. మూసీ, ఈసీల మీది జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడ్డానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ, షాబాద్, శంషాబాద్ మండలాల ఊళ్ళు అందులో ఉన్నాయి. నీళ్ళ కోసం తెచ్చిన ఆ జీవో పక్కపనిగా కూరగాయలను కూడా కాపాడిందని నా నమ్మకం. లేఅవుట్ వేయలేని భూమిలో కాకర, బీర, పూలు పండాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69వ జీవో ఇచ్చారు. ఇప్పుడు మా రోడ్డు మీద రెండు రకాల కడీలు కనిపిస్తాయి. క్వారీ ఒకటే, రాయి ఒకటే, కొలత కూడా కొంచెం అటూఇటూగా అదే. ఒకటి పందిరి మోస్తుంది, ఒకటి ప్లాటు హద్దు చూపిస్తుంది. ట్రాక్టరు నిండా కడీలు వస్తుంటే ఇది ఏ రకం అని ఊళ్ళో జనం ముందు ఆరా తీస్తారు. కౌలు రైతుకు ఆ ఆరా బతుకు ప్రశ్న. ఏడాది కౌలు, ఎప్పుడు అమ్ముతారో తెలియని భూమి, ఇందులో పదిహేనేళ్ళు నిలిచే రాయి పాతమని ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు?

ఇక్కడొక వాదన వస్తుంది, వ్యవసాయం బాగా తెలిసినవాళ్ళ దగ్గర్నుంచే. పందిరి అక్కర్లేని పంట పెట్టుకోవచ్చు కదా, పాలకూరో, కొత్తిమీరో, గోంగూరో? పెడుతున్నారు. కానీ ఆకుకూర పొద్దున కోస్తే సాయంత్రానికి సగం ధర. ఒక్క వానకు మడి మొత్తం పోతుంది. కాకర రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. ఇంకా పెద్ద కారణం కోతులు. మా దగ్గర వేరుశెనగ, మక్క, టమాటా అన్నీ కోతులకే సగం. అడవి పందులది ఇంకో వాటా. కాకర తోటలోకి మాత్రం కోతి ఒకసారి వచ్చి, ఒక కాయ కొరికి, పారేసి పోతుంది. కోతుల కాపలాకు ఒక మనిషిని పెట్టలేని కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. వాళ్ళు కాకర పెట్టడం లక్షల ఆశతో కాదు, కాపలా ఖర్చు లెక్కేసుకుని.

బోడకాకర సంగతి అడుగుతారు కొందరు. ఆంధ్రా వాళ్ళ ఆకాకర. వానాకాలంలో దాని రేటు చూసి సిటీ జనం నోరెళ్ళబెట్టేదే. అది దుంప నుంచి ఏటా వానలకు మొలిచే తీగ, ఒకసారి పెడితే ఏళ్ళపాటు కాస్తుంది. ఆడ మొక్క, మగ మొక్క వేరువేరు, కొన్ని మగ తీగలు తోటలో ఉంచుకోవాలి. నిజంగా లాభం ఉన్నది అందులోనే. కానీ దుంపకు ఏళ్ళు కావాలి, కౌలుకు ఏడాది. కాబట్టి అదీ పట్టాదారు పంటే.

మార్కెట్ గురించి తక్కువే చెబుతాను, అది వేరే రాయాల్సినంత ఉంది. మా వైపు కాయ గుడిమల్కాపూర్‌కో, మెహదీపట్నం రైతుబజారుకో పోతుంది. గోతాంలో కుక్కితే బొడిపెలు చిదిగి నల్లబడతాయి, అందుకని క్రేట్లు. తెల్లవారకముందే దించాలి. ఒకచోట దలారి నా కళ్ళముందే క్రేటులో పైవరస తీసి, అడుగు నుంచి పసుపు ముక్కు కాయ ఒకటి వెతికి పట్టుకుని, దాన్ని చూపించి మొత్తం క్రేటు రేటు కోశాడు. రైతుకిచ్చే అమ్మకం చీటీ, తక్‌పట్టీలో మాత్రం ఆ కోత ఎక్కడా కనపడదు, హమాలీ, కమీషను కనపడతాయి. దలారి లేకుండా రైతే అమ్ముకోవాలని 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలుపెట్టారు, ఈ ఊళ్ళో అంత పనికొచ్చిన సర్కారీ ఆలోచనలు తక్కువ. అయితే అక్కడ కూర్చోవడానికి కార్డు కావాలి. అన్న కార్డుకు వెళితే ముందు అడిగింది భూమి కాగితమే. నా సగపాలు లెక్కన నా పేరు మీద కార్డు తీసుకుని అక్కడ ఆయన్ని కూర్చోబెడితే అది నిబంధనలకు విరుద్ధం. కాయలు పండించినవాడు కూర్చుంటే విరుద్ధం, పండించనివాడు కూర్చుంటే సక్రమం.

ధర నిలబడటానికి ఇంకో కారణం షుగరు. పొద్దున కేబీఆర్ పార్కు దగ్గర నడకకు వచ్చేవాళ్ళు గ్లాసుల్లో కాకర రసం తాగడం చూస్తూనే ఉంటాం. ఆ ప్రచారం వల్ల నాకూ సగపాలు లాభమే కాబట్టి నోరు మూసుకోవచ్చు. కానీ రెండో రకం మధుమేహానికి కాకర పనిచేస్తుందా అని చేసిన ప్రయోగాలను 2012లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష జల్లెడ పట్టి, చెప్పడానికి తగినంత ఆధారం లేదని తేల్చింది. కాకరను కూరగా తినండి. ఉల్లికారం కూరి, బెల్లం వేసి పులుసుగా, పాతబస్తీ ఇళ్ళల్లోలా కీమాతో, ఎలా తిన్నా బాగుంటుంది. మాత్రలు మాత్రం మానకండి.

చిత్రమేమిటంటే ఈ నగరంలో, చుట్టుపక్కల కూరగాయల మీద పెట్టిన బుర్రకు కొదవలేదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలోనే ప్రపంచ కూరగాయల కేంద్రం దక్షిణాసియా కార్యాలయం ఉంది, కాకర వంగడాల మీద వాళ్ళు పనిచేశారు. రాజేంద్రనగర్‌లో జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం, జీడిమెట్లలో కూరగాయల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. పూసా దో మౌసమీ నుంచి అర్క హరిత్ దాకా, ఆ తర్వాత వచ్చిన హైబ్రిడ్లన్నిటి దాకా, విత్తనం ఎన్నో మెట్లు ఎక్కింది. చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ విత్తనం ఎవరి చేతుల్లో, ఏ ఆసరా మీద పెరుగుతుందన్న దగ్గరికి వచ్చేసరికి అంత చదువూ ఒక పాస్‌బుక్కు జిరాక్సు దగ్గర ఆగిపోతోంది.

కౌలు చట్టాలు మారాలని రాయొచ్చు. మారాలి కూడా. కానీ అది మారే లోపల ఎన్ని గాలివానలు వస్తాయో. అందుకని నేనడిగేది చాలా చిన్నది. పందిరిని స్థిరాస్తిగా చూడటం మానండి. నేలలో పాతిన రాయికే డబ్బు ఇస్తామంటే అది భూమి యజమానికి ఇచ్చినట్టే, ఎందుకంటే రాయి భూమితో పాటు ఉండిపోతుంది. దాని బదులు పీకి పట్టుకుపోగలిగే పందిరికి ఇవ్వండి. బోల్టులతో బిగించే జీఐ పైపులు, మూలలకు లాగుడు తాళ్ళు, మడిచి పెట్టుకునే నైలాన్ వల. అడ్డు పందిరికి ఇది బాగా సరిపోతుంది. స్ప్రేయరు ఇచ్చినట్టు, టార్పాలిన్ ఇచ్చినట్టు, సాగు చేసే మనిషి పేరు మీద ఇవ్వండి. కౌలు మారితే ఆ పందిరి ట్రాలీ ఆటో ఎక్కి కొత్త చేనుకు వెళుతుంది. యజమాని సంతకం అక్కర్లేదు, కాబట్టి 38-ఈ భయం కూడా ఉండదు. పంట చేస్తున్నాడా లేదా అన్నది పొలంలోకి వచ్చి చూస్తే తెలుస్తుంది. పంట నమోదుకు వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) వస్తూనే ఉన్నారు కదా, అదే పుస్తకంలో ఇంకో గీత.

దీని మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. పైపు పందిరి రాతి కడీలంత గట్టిది కాదు. నిజమే, అందులో పై పందిరి అంత దిగుబడి రాకపోవచ్చు. పోల్చాల్సింది రాతి కడీలతో కాదు, చెదపట్టిన నీలగిరి కట్టెతో. అన్నకు ఆ రెండిట్లో రెండోదే ఉంది. ఇంకోటి, పట్టాదార్లే కౌలుదార్ల పేరు చెప్పి ఈ పైపులు కూడా తీసుకుంటారని. తీసుకుంటారు, కొందరు. ఇప్పుడు నూటికి నూరూ మాకే వస్తోంది, ఎవరూ దాన్ని మోసం అనడం లేదు.

చివరికి అందరూ అనేది ఒకటే: ఊరూ పేరూ లేని కౌలు రైతుకు ఇనుప పైపులిస్తే పాత ఇనుముకు అమ్ముకుంటాడు. పంట మధ్యలో పందిరి అమ్ముకునే రైతును నేనింకా చూడలేదు, అయినా అనుమానం ఉంటే పైపు మీద నంబరు కొట్టండి, ఏడాదికోసారి వచ్చి లెక్క చూసుకోండి, లేకపోతే వసూలు చేయండి. ఆ తనిఖీ నా దగ్గర్నుంచే మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. సబ్సిడీ డబ్బు పడ్డాక నా కడీల దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. వాటి కింద కాకర పెట్టానో, కారు పెట్టానో ఏ కాగితంలోనూ లేదు.